అడిగి తెలుసుకొని వేయించుకునే టీకా

ఆరోగ్య పాఠం: కళాశాల విద్యార్థినులకు, వారి తల్లిదండ్రులకు

షోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఆడపిల్లల చదువు రెండు తరాలలో ఎంతో మారింది. అమ్మమ్మ తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి సంసారాన్ని నిలబెట్టింది. తల్లి ఏడో తరగతితోనో ఎనిమిదో తరగతితోనో బడి మాని అదే చాటను ఒడిలోకి తీసుకున్నది. మనుమరాలు నేడు బి.కాం. చదువుతున్నది, లేదా నర్సింగులో చేరింది, లేదా కంప్యూటరు విద్య అభ్యసిస్తున్నది. కళాశాల ఆరోగ్య శిబిరంలో ఆమె చేతికి ఒక రోజు ఒక కాగితం అందుతుంది. అందులో ‘హెచ్‌పీవీ టీకా’ అని ఉంటుంది. అడుగున సంతకానికి చోటు ఉంటుంది.

ఆ కాగితం ఇంటికి వచ్చినప్పుడు దాని గురించి మాట్లాడగలవారు ఇంట్లో ఎవరూ ఉండరు. తల్లికి మరాఠీ చదవడం రాదు. తండ్రి అది ఆడవారి సంగతి అని పక్కకు తప్పుకుంటాడు. అమ్మాయి స్నేహితురాలిని అడుగుతుంది, స్నేహితురాలికీ తెలియదు. కాగితం పుస్తకాల మధ్య నలిగిపోతుంది. అక్కడ సంతకం చేయడానికి ముందు ఆ అమ్మాయికీ, ఆమె తల్లికీ తెలియవలసిన విషయాలను తెలుగులో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

1. వ్యాధి ఏమిటి?

గర్భాశయం కింది కొస సన్నగా ఉండి యోనిలోకి తెరుచుకుంటుంది. ఆ భాగానికి గర్భాశయ ముఖద్వారం అని పేరు. అక్కడ పుట్టే క్యాన్సరును వైద్యులు సర్వైకల్ క్యాన్సరు అంటారు. భారతీయ స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరు తరువాతి స్థానం దీనిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2022 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం, మన దేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 1 లక్ష 27 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడింది. సుమారు 80 వేల మంది దీనివల్ల మరణించారు. లెక్క వేస్తే రోజుకు రెండు వందల మందికి పైగా.

ఈ వ్యాధి తరచుగా నడివయసులో బయటపడుతుంది. పిల్లల చదువులు, పెళ్ళిళ్లు, అత్తమామల ముసలితనం, అన్నీ ఒక స్త్రీ భుజాల మీద ఉండే కాలమది. నెలసరికి నెలసరికి మధ్య రక్తం కనబడడం, కలయిక తరువాత రక్తస్రావం, ముట్లుడిగిన తరువాత మళ్ళీ రక్తం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, తగ్గని నడుము నొప్పి దీని లక్షణాలు. తొలి దశలో ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. లక్షణం కనిపించిన తరువాత కూడా ‘ఆడవారికి ఇవి మామూలే’ అని నెలలు గడిపేయడం వల్ల చాలామంది వ్యాధి ముదిరిన దశలో ఆసుపత్రికి చేరుతున్నారు.

2. కారణం ఎలా తెలిసింది?

క్యాన్సరు అనగానే కర్మ అనో, వంశపారంపర్యం అనో అనుకోవడం సాధారణం. ఈ క్యాన్సరు విషయంలో కారణం స్పష్టంగా తెలుసు. జర్మనీ దేశపు శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 1984 సంవత్సరాలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కణాలలో రెండు వైరసు రకాలను గుర్తించారు. అవి హ్యూమన్ పాపిలోమా వైరసుకు చెందిన 16వ రకం, 18వ రకం. ఆ వైరసు పేరులోని అక్షరాలను కుదించి హెచ్‌పీవీ అంటున్నారు. ఈ పరిశోధనకు ఆయనకు 2008లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

హెచ్‌పీవీలో రెండు వందలకు పైగా రకాలు ఉన్నాయి. కొన్ని చేతుల మీద, కాళ్ళ మీద పులిపిర్లు మాత్రమే కలిగిస్తాయి. సుమారు 14 రకాలు క్యాన్సరుకు దారితీయగలవు. ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో నూటికి డెబ్బై వరకు 16, 18 రకాల వల్లనే వస్తున్నాయి.

ఈ వైరసు లైంగిక సంపర్కంలో చర్మం చర్మానికి తాకడం ద్వారా ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. ఇది చాలా సర్వసాధారణమైన వైరసు. దాంపత్య జీవితం ఉన్న స్త్రీపురుషులలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఇది సోకడం ఎవరి నడవడికకూ కొలమానం కాదు. పురుషులలో సాధారణంగా ఏ గుర్తూ కనిపించదు గనుక తన ద్వారా భార్యకు చేరిందని భర్తకు కూడా తెలియదు. సోకినవారిలో అత్యధికులకు ఒకటి రెండు సంవత్సరాలలో శరీరమే దానిని తొలగించుకుంటుంది. కొద్దిమందిలో మాత్రం అది నిలిచిపోయి, ముఖద్వారం కణాలను మెల్లమెల్లగా మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సరు కావడానికి సాధారణంగా పదిహేను నుంచి ఇరవై సంవత్సరాలు పడుతుంది. ఇరవై ఏళ్ళ వయసులో వేసుకున్న టీకా ప్రయోజనం నలభై ఏళ్ళ వయసులో కనిపించడానికి కారణం ఇదే.

3. టీకా ఏమి చేస్తుంది?

టీకాలో బ్రతికి ఉన్న వైరసు గానీ, చచ్చిన వైరసు గానీ ఉండదు. వైరసు పైపొరలో ఉండే ఒక మాంసకృత్తును ప్రయోగశాలలో తయారుచేసి, అది వైరసు ఆకారంలో అమరేటట్టు చేస్తారు. లోపల జన్యు పదార్థం ఉండదు. గింజ తీసివేసిన పొట్టు మొలకెత్తనట్టే, ఇది శరీరంలో పెరగదు, వ్యాధిని కలిగించదు. అయితే శరీర రక్షణ వ్యవస్థ ఆ ఆకారాన్ని చూసి గుర్తుపెట్టుకుంటుంది. తరువాత ఎప్పుడైనా నిజమైన వైరసు వస్తే దానిని లోనికి రానీయకుండా అడ్డుకుంటుంది.

ప్రపంచంలో ఈ టీకాకు 2006లో అనుమతి లభించింది. 2008 నుంచి భారతదేశంలో కూడా దొరుకుతున్నది. పూణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా తయారుచేసిన సెర్వావాక్ అనే టీకాకు 2022లో మన దేశ ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఇచ్చారు. అది 6, 11, 16, 18 రకాల నుంచి రక్షణ కలిగిస్తుంది. వీటిలో 6, 11 రకాలు జననాంగాల వద్ద పులిపిర్లకు కారణం. 16, 18 రకాలు క్యాన్సరుకు కారణం.

టీకాకు ఒక పరిమితి ఉన్నది. అప్పటికే సోకిన వైరసును అది తొలగించదు. వచ్చిన వ్యాధిని నయం చేయదు. అందుకే లైంగిక సంపర్కం మొదలు కాకముందే, అంటే 9 నుంచి 14 ఏళ్ళ లోపు వేయించడం ఉత్తమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2024 ఫిబ్రవరి 1న కేంద్ర ప్రభుత్వం ప్రవేశపెట్టిన మధ్యంతర బడ్జెటులో కూడా ఈ వయసు బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని ప్రకటించారు.

4. కళాశాల వయసు దాటిపోయినట్టేనా?

పద్దెనిమిది, పందొమ్మిది ఏళ్ళ విద్యార్థినికి ఇక్కడ సహజంగానే ఒక సందేహం కలుగుతుంది. పధ్నాలుగేళ్ళ లోపు వేయించుకోలేదు గనుక ఇక లాభం లేదా?

దీనికి స్వీడన్ దేశం నుంచి లెక్కలతో కూడిన సమాధానం ఉన్నది. అక్కడ 10 నుంచి 30 ఏళ్ళ మధ్య వయసు గల పదహారు లక్షలకు పైగా బాలికలు, యువతుల ఆరోగ్య వివరాలను పరిశీలించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. 17 ఏళ్ళు నిండక ముందే టీకా వేయించుకున్నవారిలో, వేయించుకోనివారితో పోలిస్తే, ఈ క్యాన్సరు 88 శాతం తక్కువగా కనిపించింది. 17 నుంచి 30 ఏళ్ళ మధ్య వేయించుకున్నవారిలో 53 శాతం తక్కువగా కనిపించింది. ముందుగా వేయించుకుంటే లాభం ఎక్కువ అన్నది నిజం. ఆలస్యంగా వేయించుకున్నవారిలో కూడా వ్యాధి సగానికి పైగా తగ్గిందన్నది కూడా అంతే నిజం. చిన్నతనంలో టీకా అందని తరానికి కళాశాల రోజులు రెండవ అవకాశం.

వివాహమైన విద్యార్థినికి కూడా టీకా పనికివస్తుంది. ఒక రకం వైరసు సోకినా, టీకాలో ఉన్న అన్ని రకాలూ సోకి ఉండడం అరుదు. సోకని రకాల నుంచి ఆమెకు రక్షణ లభిస్తుంది.

5. ఖమ్మం మిగిల్చిన భయం

షోలాపూర్ తెలుగువారిలో చాలామందికి తెలంగాణ జిల్లాలలో బంధువులున్నారు. ఈ టీకా పేరు వినగానే ‘ఖమ్మంలో పిల్లలు చనిపోయిన సూది ఇదే కదా’ అని అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటను కొట్టిపారేయడం సరికాదు. అక్కడ ఏమి జరిగిందో తెలుసుకోవడం సరైన మార్గం.

2009లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, ఒక అంతర్జాతీయ సంస్థ ప్రభుత్వంతో కలిసి 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు ఈ టీకా వేసే పథకాన్ని నడిపింది. సుమారు 14 వేల మంది బాలికలకు వేశారు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇటువంటి పథకమే సాగింది. వారిలో చాలామంది గిరిజన, పేద కుటుంబాల పిల్లలు. కొందరు వసతిగృహాలలో ఉండి చదువుకునేవారు. ఆ తరువాతి నెలలలో రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించినట్టు వెల్లడైంది. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ప్రశ్నించారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం పథకాన్ని నిలిపివేసి విచారణ సంఘాన్ని నియమించింది.

ఆ మరణాలకు నీటిలో మునగడం, పాము కాటు, పురుగుమందు, జ్వరాలు వంటి కారణాలు కనిపించాయి. వాటికి టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం భావించింది. కాని అదే విచారణలో మరొక తప్పు బయటపడింది. పిల్లల తల్లిదండ్రుల సమ్మతిని సక్రమంగా తీసుకోలేదు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో సమర్పించిన నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 సమ్మతి పత్రాల ప్రస్తావన ఉన్నది. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద వసతిగృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. కన్నతల్లికి తెలియకుండానే ఆమె బిడ్డకు సూది వేశారు. ఆ తరువాత ఆ తల్లి ఎవరు ఏమి చెప్పినా నమ్మకపోతే తప్పు ఆమెది కాదు.

ఖమ్మంలో విఫలమైనది టీకా మందు అని చెప్పడానికి ఆధారం దొరకలేదు. అడగవలసినవారిని అడగకపోవడం, చెప్పవలసినది చెప్పకపోవడం అక్కడి వైఫల్యం. కళాశాల విద్యార్థినికి ఈ చరిత్ర తెలియడం అవసరం. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి చట్టం దృష్టిలో తన శరీరం గురించి తానే సమ్మతి చెప్పే హక్కు ఉన్నది. ఆమె బదులు ప్రిన్సిపాల్ గానీ, వార్డెన్ గానీ సంతకం చేయకూడదు. పదకొండు, పన్నెండు తరగతులు చదివే జూనియర్ కళాశాల విద్యార్థినికి పద్దెనిమిది నిండవు గనుక తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. ఆ సంతకం కాగితం మీది వివరాలు వారికి తెలిసిన భాషలో చదివి వినిపించిన తరువాతే జరగాలి.

ముందుగా చెప్పి, అడిగి చేసినచోట ఫలితం వేరుగా ఉన్నది. 2018లో సిక్కిం రాష్ట్రం ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ముందే వివరించి బడులలో బాలికలకు ఈ టీకా వేసింది. అర్హులైన బాలికలలో 90 శాతానికి పైగా వేయించుకున్నారు.

6. బార్శీ నుంచి ప్రపంచానికి

షోలాపూర్ జిల్లాలోనే ఉన్న బార్శీకి ఈ వ్యాధి చరిత్రలో ఒక స్థానం ఉన్నది. గ్రామీణ ప్రాంతంలో క్యాన్సరు రోగుల వివరాలను క్రమంగా నమోదు చేసే కార్యక్రమం దేశంలో మొదటగా 1987లో అక్కడే ప్రారంభమైంది. ఆ పట్టణంలోని నర్గీస్ దత్ స్మారక క్యాన్సరు ఆసుపత్రి పొరుగున ఉన్న ఉస్మానాబాద్ జిల్లాలో, అంటే నేటి ధారాశివ్‌లో, ముంబయిలోని టాటా మెమోరియల్ కేంద్రంతోనూ అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థతోనూ కలిసి ఒక పెద్ద అధ్యయనం నిర్వహించింది. 30 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసు గల 1 లక్ష 31 వేలకు పైగా స్త్రీలు అందులో ఉన్నారు. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా కనిపించినవారికి చికిత్స చేస్తే, ఈ క్యాన్సరు మరణాలు సుమారు సగానికి తగ్గుతాయని ఆ అధ్యయనం 2009లో చూపించింది.

అదే 2009లో టీకాకు సంబంధించిన మరొక అధ్యయనం దేశంలోని తొమ్మిది కేంద్రాలలో మొదలైంది. బార్శీ, హైదరాబాదు వాటిలో ఉన్నాయి. 10 నుంచి 18 ఏళ్ళ బాలికలకు రెండు డోసులు చాలునా, మూడు కావాలా అని తేల్చడం దాని ఉద్దేశం. ఇది ఖమ్మం పథకం కాదు, వేరు. అయినా ఖమ్మం వివాదంతో 2010 ఏప్రిల్‌లో దేశంలో ఇటువంటి టీకా అధ్యయనాలన్నీ ఆగిపోయాయి. చాలామంది బాలికలకు రెండవ డోసు పడలేదు. ఒక్క డోసే మిగిలింది.

పరిశోధకులు వారిని వదిలివేయలేదు. ఏళ్ళ తరబడి వారి ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు. ఒక్క డోసు వేయించుకున్నవారిలో కూడా 16, 18 రకాల వైరసు నిలిచిపోకుండా పదేళ్ళ వరకు గట్టి రక్షణ ఉన్నదని 2021లో ఫలితాలు ప్రచురించారు. ఒక్క డోసు కూడా చాలవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో చెప్పినప్పుడు దాని ముందున్న ఆధారాలలో ఈ అధ్యయనం ఒకటి. పేద దేశాల బాలికలకు టీకా అందుబాటులోకి రావడానికి బార్శీ పరిసరాల అమ్మాయిలు ఆ విధంగా తోడ్పడ్డారు.

7. ఇంట్లో జరిగే మాట

ఈ విషయం ఇంట్లో ప్రస్తావనకు వచ్చినప్పుడు సంభాషణ ఎలా సాగవచ్చో ఊహించడం కష్టం కాదు. కూతురు కాగితం చూపించగానే తల్లి చేతిలోని బీడీ ఆగుతుంది.

“పెండ్లి కాని పిల్లకు గీ సూది ఎందుకు బిడ్డా? నలుగురు ఏమనుకుంటరు?”

“చిన్నప్పుడు పోలియో చుక్కలు వేయించినవు గదమ్మా. అప్పుడు నాకు పోలియో వచ్చిందా? రాకముందే వేయించినవు. ఇది సుత అంతే.”

కూతురు చెప్పినది సరైన మాట. టీకా రాబోయే వ్యాధికి అడ్డుగోడ. ధనుర్వాతపు సూది వేయించుకున్నవాడు దెబ్బ తగిలించుకోవాలని కోరుకున్నట్టు కాదు. అదే విధంగా ఈ టీకా అమ్మాయి నడవడిక గురించి ఏమీ చెప్పదు. పెళ్ళి అయిన తరువాత భర్త నుంచి రాగల వైరసును ఆపడానికి పెళ్ళికి ముందు వేయించుకోవడమే మేలు.

“గీ సూది ఏసుకుంటే పిల్లలు పుట్టరట గద” అని నాయనమ్మ మంచం మీది నుంచి అంటుంది.

ఈ భయానికి ఆధారం లేదు. 2017 నాటికే ప్రపంచంలో 27 కోట్లకు పైగా డోసులు పంపిణీ అయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన టీకాల భద్రతా సంఘం ఆ సమాచారాన్ని పరిశీలించి, టీకాకూ సంతానలేమికీ సంబంధం ఉన్నట్టు ఆధారం లేదని చెప్పింది. పైగా ఈ క్యాన్సరు వచ్చినప్పుడు చేసే శస్త్రచికిత్స, రేడియేషను వల్ల గర్భసంచి కోల్పోయిన స్త్రీలు ఎందరో ఉన్నారు.

మరమగ్గం నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్న తండ్రి చివరికి నోరు విప్పుతాడు. “అన్నీ మంచిగనే ఉన్నయి. మూడు సూదులంటే ఎన్ని వారాల పగారు పోతది?”

ఈ ప్రశ్న అన్నిటికంటె బరువైనది. సెర్వావాక్ విపణిలోకి వచ్చినప్పుడు ప్రైవేటు వైద్యుల వద్ద ఒక్కో డోసు ధర సుమారు 2,000 రూపాయలు. విదేశీ కంపెనీల టీకాలకు అంతకంటె ఎక్కువ. బీడీల కూలి మీద, మగ్గం పగారు మీద నడిచే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అందుచేత ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళడానికి ముందు పురపాలక ఆరోగ్య కేంద్రంలోనూ, ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, కళాశాల ఆరోగ్య విభాగంలోనూ ఉచిత శిబిరం గానీ, తగ్గింపు ధర గానీ ఉన్నదేమో విచారించాలి. అది లేకపోతే డోసుల మధ్య ఉండే నెలల గడువు కొంత వెసులుబాటు ఇస్తుంది. నలుగురు స్త్రీలు కలిసి భిశీ కట్టుకున్నట్టు, ఒక్కో డోసుకు కొంత కొంత కూడబెట్టుకోవచ్చు.

8. వేయించుకునే క్రమం

మొదట వయసును, డోసుల సంఖ్యను తెలుసుకోవాలి. మన దేశంలో సెర్వావాక్ అనుమతి ప్రకారం 9 నుంచి 14 ఏళ్ళవారికి ఆరు నెలల వ్యవధిలో రెండు డోసులు. 15 నుంచి 26 ఏళ్ళవారికి మూడు డోసులు. మూడు డోసులైతే మొదటిది వేసిన రెండు నెలలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 20 ఏళ్ళ లోపు ఒకటి లేదా రెండు డోసులు, 21 దాటినవారికి ఆరు నెలల వ్యవధిలో రెండు డోసులు చాలునని చెబుతున్నది. రోగనిరోధక శక్తి తగ్గినవారికి మాత్రం ఎక్కువ డోసులు అవసరం. ఏ పద్ధతి అనుసరిస్తున్నారో, ఎందుకు అనుసరిస్తున్నారో వైద్యుని అడగడం విద్యార్థిని హక్కు.

రెండవది, వేయించుకోకూడని సందర్భాలను గమనించాలి. గర్భవతి అయితే ప్రసవం వరకు వాయిదా వేయాలి. ఇదివరకటి డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చినా, ఈస్ట్ పడకపోయినా ముందే చెప్పాలి. జ్వరం తీవ్రంగా ఉన్న రోజు ఆగాలి. నెలసరి ఆటంకం కాదు.

మూడవది, ఆ రోజు ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. సూది చేతికి వేస్తారు. వేసిన తరువాత పదిహేను నిమిషాలు కూర్చోవాలి. ఈ వయసు అమ్మాయిలలో కొందరికి ఏ సూదికైనా కళ్ళు తిరుగుతాయి. చేయి నొప్పి, కొద్దిపాటి వాపు, స్వల్ప జ్వరం, తలనొప్పి ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. ఊపిరి ఆడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు, ముఖం వాపు వంటివి చాలా అరుదు. అవి కనిపిస్తే వెంటనే అక్కడి సిబ్బందికి చెప్పాలి.

నాలుగవది, కార్డును జాగ్రత్తగా దాచాలి. టీకా పేరు, తేదీ, బ్యాచ్ సంఖ్య అందులో ఉంటాయి. పరీక్షల వల్ల గానీ, పెళ్ళి కుదిరి సిరిసిల్లకో, భివండీకో, సూరత్‌కో వెళ్ళడం వల్ల గానీ తదుపరి డోసు ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి ఆరంభించనక్కరలేదు. కార్డు చూపించి, వీలైనంతవరకు అదే టీకాతో మిగిలిన డోసు వేయించుకుంటే చాలు.

9. తల్లి మాటేమిటి?

కూతురు టీకాకు వెళ్ళిన రోజున తల్లి గురించి కూడా ఆలోచించాలి. తల్లికి టీకా వయసు దాటి ఉంటుంది. ఆమెకు కావలసినది పరీక్ష. ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకొకసారి పరీక్ష చేయించాలన్నది నియమం. ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వినెగర్ వంటి ద్రవం, అద్ది కంటితో చూస్తారు. కొన్ని నిమిషాల పని. కోత లేదు, కుట్టు లేదు. తెల్లని మచ్చ కనిపిస్తే తదుపరి చికిత్సకు పంపుతారు. ఆ దశలోనే చికిత్స జరిగితే క్యాన్సరు వరకు పోదు.

టీకా వేయించుకున్న కూతురు కూడా ముప్పై ఏళ్ళు వచ్చిన తరువాత ఈ పరీక్ష మానకూడదు. టీకా అన్ని రకాల హెచ్‌పీవీని ఆపదు. 2030 నాటికి పదిహేనేళ్ళ లోపు బాలికలలో 90 శాతానికి టీకా, స్త్రీలలో 70 శాతానికి పరీక్ష, వ్యాధి కనిపించినవారిలో 90 శాతానికి చికిత్స అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టుకోవడంలో అర్థం ఇదే. ఒకటి ఉంటే మరొకటి అక్కరలేదనుకోవడం పొరపాటు.

కళాశాల నుంచి వచ్చిన కాగితాన్ని పుస్తకాలలో దాచిన అమ్మాయి దానిని బయటికి తీసి, తల్లికి తెలుగులో చదివి వినిపించడం మొదటి పని. తెలియని మాట దగ్గర ఆగి, ఆరోగ్య కార్యకర్తను అడగాలి. అర్థమైన తరువాత సంతకం చేయడమో, మరికొంత సమయం కావాలని చెప్పడమో ఆమె ఇష్టం. సమయం కావాలని అన్నంత మాత్రాన ఆమెపై ఎవరూ ఒత్తిడి చేయకూడదు.

అభ్యాసానికి ప్రశ్నలు

1. హెచ్‌పీవీ సోకినవారిలో అందరికీ క్యాన్సరు ఎందుకు రాదు?

2. పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థిని సమ్మతి పత్రం మీద ఎవరు సంతకం చేయాలి? నిండకపోతే ఎవరు?

3. ఖమ్మంలో విచారణ సంఘం గుర్తించిన తప్పు ఏది? అటువంటి తప్పు కళాశాల శిబిరంలో జరగకుండా విద్యార్థినులు ఏమి చేయవచ్చు?

4. రెండవ డోసు ఆలస్యమైన స్నేహితురాలికి ఏమని సలహా ఇవ్వాలి?

5. ఈ పాఠంలోని ఏడవ భాగాన్ని ఇంట్లో తల్లికి, నాయనమ్మకు చదివి వినిపించి, వారు అడిగిన కొత్త ప్రశ్నలను రాసుకొని, సమీపంలోని పురపాలక ఆరోగ్య కేంద్రంలో సమాధానాలు తెలుసుకోవాలి.